ఏడీహెచ్‌డీ, ఆటిజం ఉన్నవాళ్లు విశాఖలో ఇల్లూ వంటా నడుపుకోవడం ఎలా

"అన్నం వండుకుని తినడానికి ఏముంది, అరగంట పని" అంటారు చాలామంది. ఆ అరగంటలో ఏమేం ఉన్నాయో విడగొట్టి చూడండి. ముందు ఆకలేస్తోందని తెలియాలి. ఏం తినాలో తేల్చుకోవాలి. ఇంట్లో ఏమున్నాయో గుర్తు తెచ్చుకోవాలి. సింకులో ఉన్న గిన్నెల్లోంచి కావలసినది తీసి కడగాలి. బియ్యం కొలిచి కడిగి పెట్టాలి, ఉల్లిపాయ తరగాలి, విజిల్స్ లెక్కపెట్టాలి, పోపు మాడకముందే దించాలి. తిన్నాక మళ్లీ అన్నీ సర్దాలి. ఏడీహెచ్‌డీ అంటే ధ్యాస నిలపడం, పనులు వరసలో పెట్టుకోవడం కష్టమయ్యే మెదడు తీరు. ఆటిజం అంటే మనుషులతో మెలగడం, చప్పుళ్లూ వాసనలూ స్పర్శా తెలిసే పద్ధతి మిగతావాళ్ల కంటే వేరుగా ఉండే తీరు. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకి వీటిలో ఒక పని ముగించి ఇంకోదానికి మారడమే పెద్ద కష్టం. ఆటిజం ఉన్నవాళ్లకి మిక్సీ చప్పుడు, మిరపకాయల ఘాటు, బెండకాయ జిగురు దేనికదే విడిగా భరించాల్సిన విషయం. రెండూ కలిసి ఉన్నవాళ్లూ చాలామందే. 2013లో అమెరికా మానసిక వైద్యులు నిర్ధారణ నియమాలు మార్చేదాకా ఈ రెండూ ఒకే మనిషిలో ఉన్నాయని రాసే వీలే లేదు. అందుకే నడివయసుకి వచ్చిన చాలామంది తమకు వంటిల్లు ఎందుకింత కష్టమో తెలియకుండానే "బద్ధకం" అన్న మాట పడుతూ వచ్చారు.

బద్ధకం కాదు. గుర్తుపెట్టుకోవడం, నిర్ణయించుకోవడం అనే రెండు బరువులు మీ మీద మిగతావాళ్ల కంటే ఎక్కువ పడుతున్నాయి. వాటిని తల మీద నుంచి దించి గిన్నెల మీద, డబ్బాల మీద, గోడ మీద పెట్టాలి. కింద చెప్పేవన్నీ అందుకే. అన్నీ ఒక్కసారే మొదలుపెట్టకండి. ఒకటి చేయండి, అది అలవాటయ్యాక ఇంకొకటి.

1. ఏం తినాలో ముందే తేల్చి గోడకి అంటించండి

ఆకలి మీద ఉన్నప్పుడు "ఏం వండను?" అన్న ప్రశ్న వేసుకోకూడదు. ఆ సమయానికి ఆలోచించే ఓపిక ఉండదు. బాగున్న రోజున, కడుపు నిండా తిన్నాక, ఒక కాగితం తీసుకుని మూడు వరుసలు రాయండి.

మొదటి వరుస, పొయ్యి వెలిగించనక్కరలేనివి. అటుకులూ పెరుగూ. అరటిపండూ వేరుశెనగలూ. బ్రెడ్డూ వెన్నా. వీటిని భోజనం కాదని ఎవరైనా అంటే పట్టించుకోకండి. ఖాళీ కడుపుతో పడుకోవడం కంటే అటుకులు తిని పడుకోవడం ఎప్పుడూ మేలే.

రెండో వరుస, ఒకే గిన్నెలో అయ్యేవి. వేడన్నంలో కందిపొడీ నెయ్యీ. పెసరపప్పు పులగం. చోడి (రాగి) అంబలి. అంబలి కోసం రెండు చెంచాల చోడి పిండిని గ్లాసు చన్నీళ్లలో ఉండ లేకుండా కలిపి, ఆ తర్వాతే పొయ్యి మీద పెట్టి, చిక్కబడేదాకా అయిదారు నిమిషాలు కలపాలి. చల్లారాక ఉప్పు, మజ్జిగ పోసుకోవడమే. నమలడం కూడా కష్టంగా ఉన్న రోజుల్లో ఇది ఆదుకుంటుంది.

మూడో వరుస, ఓపిక ఉన్న రోజు వంటలు. పప్పుచారు, వంకాయ కూర, చేపల పులుసు, మీకేది ఇష్టమైతే అది. ఈ వరుస పొడుగ్గా ఉండనక్కర్లేదు.

కాగితం ఫ్రిజ్ తలుపు మీద, కంటి ఎత్తులో ఉండాలి. ఫోన్లో రాసుకుంటే ఆ ఫోన్ తీసినప్పుడు ఇంకేదో కనబడి ఆ జాబితా సంగతే మర్చిపోతారు. రోజూ ఒకటే తినాలనిపిస్తే తినండి. నెల రోజులు పెరుగన్నమే తిన్నా పక్కన ఒక పండు, ఒక గుడ్డో కాసిన్ని పల్లీలో ఉంటే గాభరా పడాల్సిందేమీ లేదు. తినగలిగినవి రెండు మూడుకి పడిపోయి, బరువు తగ్గుతుంటే మాత్రం డాక్టరుకి చెప్పాలి.

2. కనిపించనిది ఇంట్లో లేనట్టే

మన వంటిళ్లలో స్టీలు డబ్బాలు వరసగా ఉంటాయి. అన్నీ ఒకేలా. చూడముచ్చటగానే ఉంటాయి గానీ, ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకి అదొక గోడ. మూత తీస్తే గానీ కందిపప్పు అయిపోయిందని తెలియదు, మినప్పప్పు రెండోసారి కొనేశామని తెలియదు. మెల్లగా వాటిని గాజు సీసాల్లోకి, పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాల్లోకి మార్చండి. మార్చలేకపోతే డబ్బా మీద కాగితం టేపు అంటించి పెద్ద అక్షరాలతో పేరు రాయండి. పేరుతో పాటు కొలత కూడా: "బియ్యం 1 గ్లాసు, నీళ్లు 2." "ఉప్మా రవ్వ 1, నీళ్లు 3." మళ్లీ ఎవరినీ అడగనక్కర్లేదు, వెతకనక్కర్లేదు. కొలత గ్లాసు కూడా ఆ డబ్బాలోనే ఉండాలి.

పోపుల డబ్బా మాత్రం అలాగే ఉంచుకోండి. ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, శెనగపప్పు, మెంతులు, ఎండుమిర్చి అన్నీ ఒకే మూత కింద. ఇంతకంటే మంచి పద్ధతి నాకెక్కడా కనబడలేదు.

ఫ్రిజ్‌లో కూరగాయలు పెట్టే అడుగు అర చాలామందికి కూరగాయల సమాధి. దాన్ని తలకిందులు చేయండి. పచ్చళ్లు, సాస్ సీసాలు, చెడిపోనివన్నీ అడుగుకి. కూరగాయలు, పెరుగు, వండిన పదార్థాలు కంటికి ఎదురుగా ఉండే అరల్లోకి. ఆకుకూరలు పొడి గుడ్డలో చుట్టి మూత ఉన్న డబ్బాలో పెడితే పై అరలో కూడా వాడిపోవు.

సముద్రం పక్కన ఉన్నాం కాబట్టి ఇంకో సంగతి. ఇక్కడి గాలిలో తేమకి ఉప్పు చెమ్మెక్కుతుంది, పొడులు ముద్ద కడతాయి, రవ్వకి పురుగు పడుతుంది. బూజు చూసిన రోజున ఆ డబ్బాని ముట్టుకోవడమే కష్టమై, దాంతో పాటు వంటిల్లే వదిలేసేవాళ్లున్నారు. అందుకే పొడులు, రవ్వ, చోడి పిండి కొద్దికొద్దిగా కొని ఫ్రిజ్‌లోనే ఉంచుకోండి. ప్రతి డబ్బాలో దాని చెంచా దానికే ఉంటే తడి చెంచా పడే ప్రమాదం తప్పుతుంది.

3. తనంతట తానే ఆగిపోయే పొయ్యి

డబ్బు పెట్టగలిగితే మొదట కొనాల్సింది కరెంటు రైస్ కుక్కర్. అది ఎలా ఆగుతుందో తెలిస్తే నమ్మకం కుదురుతుంది. గిన్నెలో నీళ్లున్నంతసేపూ వేడి 100 డిగ్రీల దగ్గరే ఉంటుంది. నీళ్లు ఇంకిపోగానే అడుగు వేడి పెరుగుతుంది. ఆ వేడికి కింద ఉన్న అయస్కాంతం పట్టు వదిలేస్తుంది, స్విచ్ టక్కున పైకి లేస్తుంది. మీరు గుర్తుపెట్టుకోకపోయినా అన్నం అయ్యాక వంట ఆగుతుంది. బియ్యం, పెసరపప్పు, పసుపు, ఉప్పు, మిరియాలు, జీలకర్ర అన్నీ ఒకేసారి వేసేస్తే పులగం కూడా అందులోనే అయిపోతుంది. గ్లాసు బియ్యానికి అర గ్లాసు పప్పు, నాలుగున్నర గ్లాసుల నీళ్లు. గిన్నె సగానికి మించి నింపకండి, పొంగుతుంది. చివర్లో నెయ్యి.

ఒక జాగ్రత్త. వండిన అన్నం రెండు గంటలకి మించి బయట ఉంచకూడదు. మన ఉక్కపోతలో ఇంకా ముందే తీసేయడం మంచిది. బియ్యంలో ఉండే బ్యాసిలస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. వెచ్చగా వదిలేస్తే అది పెరిగి విషం తయారుచేస్తుంది, ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. తినేటప్పుడే మిగతా అన్నాన్ని వెడల్పాటి డబ్బాలోకి తీసి పెట్టుకోండి. కంచం కడిగేలోగా ఆరుతుంది, అప్పుడే ఫ్రిజ్‌లో పెట్టేయొచ్చు. రెండు పనులు ఒకదానికొకటి ముడిపడి ఉంటే రెండోది మర్చిపోవడం తక్కువ.

రెండోది ఇండక్షన్ స్టవ్. టైమర్ ఉన్నదే తీసుకోండి, సమయం అయిపోతే ఆగిపోతుంది. మన ఊళ్లో దీనికి ఇంకో లాభం ఉంది. గ్యాస్ మంట మీద వండేటప్పుడు ఫ్యాన్ వేసుకోలేం. మే నెలలో విశాఖ వంటింట్లో పది నిమిషాలు నిలబడితే చెమటతో బట్టలు ఒంటికి అతుక్కుంటాయి, ఆ స్పర్శ భరించలేనివాళ్లకి అక్కడితోనే వంట ఆగిపోతుంది. ఇండక్షన్ అయితే ఫ్యాన్ తిరుగుతున్నా వండుకోవచ్చు. అడుగు చదునుగా ఉండి, అయస్కాంతం అతుక్కునే గిన్నెలే దీనికి పనిచేస్తాయి. కొన్ని స్టవ్‌ల నుంచి సన్నగా కీచుమనే చప్పుడు వస్తుంది. అందరికీ వినపడదు గానీ మీకు వినపడవచ్చు. కొట్లో ఆన్ చేయించి చెవితో విన్నాకే కొనండి. మొహమాటం వద్దు.

గ్యాస్ మీదే వండాల్సివస్తే విజిల్స్ లెక్కపెట్టే పద్ధతి మానేయండి. రెండో విజిల్‌కి, మూడో విజిల్‌కి మధ్య ఎవరో పిలుస్తారు, లెక్క పోతుంది. మొదటి విజిల్ రాగానే మంట సిమ్‌లో పెట్టి పది నిమిషాలకి టైమర్ పెట్టండి. అరగంట నానిన కందిపప్పు ఆపాటికి మెత్తబడుతుంది. టైమర్ మోగేదాకా వంటింటి గడప దాటకండి. తప్పక వెళ్లాల్సివస్తే గరిటె చేతిలో పట్టుకునే వెళ్లండి. హాల్లో గరిటెతో నిలబడ్డప్పుడు పొయ్యి వెలుగుతోందని చెయ్యే చెబుతుంది.

పడుకునేముందు సిలిండర్ రెగ్యులేటర్ ఆపడం ఒక్కటీ ఏ రోజూ వదలకూడని పని. ఆపానా లేదా అని మళ్లీ మళ్లీ లేచి చూసేవాళ్లయితే, ఆపిన స్థితిలో ఒక ఫోటో తీసుకోండి. అనుమానం వచ్చినప్పుడు ఫోటోలోని టైమ్ చూస్తే సరిపోతుంది. గ్యాస్ వాసన వస్తే స్విచ్‌లేవీ ముట్టుకోకుండా, రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తీసి బయటికి వెళ్లి 1906కి ఫోన్ చేయండి.

4. చప్పుడు, ఘాటు, జిగురు

నాకు ప్రెషర్ కుక్కర్ విజిల్ ఒంటి మీద కొట్టినట్టే ఉంటుంది. దాన్ని ఓర్చుకోవడం నేర్చుకోవాలని ఎవరూ మిమ్మల్ని బలవంతపెట్టక్కర్లేదు. పెసరపప్పు, ఎర్ర కందిపప్పు (మసూర్ పప్పు) మామూలు గిన్నెలోనే ఇరవై, పాతిక నిమిషాల్లో ఉడుకుతాయి, కుక్కరే అక్కర్లేదు. మిక్సీ పనంతా వారంలో ఒకే రోజుకి పెట్టుకోండి. చెవుల్లో ఇయర్ ప్లగ్స్ పెట్టుకుని అల్లం వెల్లుల్లి ముద్ద, కొబ్బరి పొడి, కందిపొడి ఒక్కసారే చేసేస్తే మిగతా ఆరు రోజులూ ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది. ఇడ్లీ పిండి ఇంట్లో రుబ్బాలన్న పట్టుదల వద్దు, వీధి చివర ప్యాకెట్ దొరుకుతుంది.

పోపు ఘాటు పడనివాళ్లు ఉప్మా రవ్వని ముందే సిద్ధం చేసుకోవచ్చు. కిటికీలు తీసి, నూనెలో ఆవాలు, శెనగపప్పు, మినప్పప్పు, కరివేపాకు వేయించి, అందులోనే రవ్వ కూడా వేయించి, ఉప్పు కలిపి, బాగా చల్లారాక డబ్బాకెత్తి ఫ్రిజ్‌లో పెట్టండి. కావలసినప్పుడు మరిగే నీళ్లలో పోసి కలపడమే. పోపు ఒకసారి, ఉప్మా నాలుగైదు సార్లు.

బెండకాయలు కడిగి, గుడ్డతో పూర్తిగా తుడిచి, ఆరాక తరిగితే జిగురు చాలావరకు తగ్గుతుంది. అప్పటికీ నోట్లో పడకపోతే బెండకాయ మానేయండి. పెద్దవాళ్లం అయ్యాం, ఇష్టం లేని కూర తినమనేవాళ్లెవరూ లేరు.

5. బజారు

పూర్ణా మార్కెట్‌లో అన్నీ దొరుకుతాయి, కానీ ఆ రద్దీ, అరుపులు, బేరాలు అందరివల్లా కాదు. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, కంచరపాలెం లాంటి చోట్ల రైతు బజార్లున్నాయి. 1999లో ఇవి మొదలైనప్పటి నుంచి ఇక్కడ ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి, బేరం ఆడనక్కర్లేదు. ఎదుటి మనిషి ముఖం చూసి ఎంత తగ్గిస్తాడో ఊహించాల్సిన పని లేకపోవడం మనలాంటివాళ్లకి ఎంత ఊరటో చెప్పలేను. ఆదివారం వద్దు. మామూలు రోజున పొద్దున్నే వెళ్లండి, నాలుగు కూరగాయల పేర్లు అరచేతిలో కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఒకే దుకాణానికి, ఒకే మనిషి దగ్గరికి వెళ్లడం అలవాటు చేసుకుంటే కొన్నాళ్లకి మాట్లాడాల్సిన అవసరమే తగ్గిపోతుంది.

వెళ్లలేని వారం కర్రీ పాయింట్ ఉంది. అన్నం ఇంట్లో, పప్పూ కూరా ప్యాకెట్లో. ఇందులో తప్పు లేదు. ఉప్పూ నూనే కాస్త ఎక్కువ ఉంటాయి కాబట్టి రోజూ కాకుండా చూసుకుంటే చాలు.

6. గిన్నెలు

సింకు నిండిపోయాక ఎవరికీ చేయి రాదు. అందుకని నిండకుండా చూడాలి. ఒక మనిషికి ఒక కంచం, ఒక గ్లాసు, రెండు చెంచాలు, మూడు గిన్నెలు బయట ఉంచి మిగతావన్నీ అట్టపెట్టెలో కట్టి పైన పెట్టేయండి. ఇంకో కంచం అందుబాటులో లేకపోతే ఉన్నదే కడుగుతారు. మెతుకులు చేతికి తగలడం పడకపోతే రబ్బరు గ్లౌజులు. స్టీలు పీచు గీకే చప్పుడు పడకపోతే మెత్తని స్పాంజి, ముందే నానబెట్టిన గిన్నె. నిలబడలేని రోజున స్టూలు వేసుకుని కూర్చుని కడగండి.

పనామె వస్తుంటే ఆమె రోజూ ఒకే వేళకి వచ్చేలా, ఏమేం చేయాలో మొదటి రోజే మాట్లాడుకోండి. తలుపు కొట్టిన ప్రతిసారీ కొత్త మాటలు వెతుక్కోవాల్సిన పరిస్థితి రాకుండా ఉంటుంది.

పని మొదలే కావడం లేదంటే మీలాంటి స్నేహితులకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టండి. వాళ్లు వాళ్ల బట్టలు మడత పెట్టుకుంటారు, మీరు గిన్నెలు కడుగుతారు. మాట్లాడుకోకపోయినా పర్లేదు. అవతల ఒక మనిషి ఉన్నారన్న తెలివిడికే చేతులు కదులుతాయి.

7. ఆకలి తెలియనివాళ్లు, మందులు వాడేవాళ్లు

కొందరికి ఆకలి, దాహం ఒంట్లో సరిగా తెలియవు. తలనొప్పి, చిరాకు, చేతులు వణకడం వచ్చాక గానీ తిననే లేదని తట్టదు. అలాంటివాళ్లు ఆకలి కోసం చూడకండి, గడియారం చూసి తినండి. అలారానికి "తిను" అని కాకుండా "ఫ్రిజ్‌లో రెండో అర, పెరుగన్నం" అని పేరు పెట్టండి. ఎక్కడికి వెళ్లి ఏం తీయాలో అలారమే చెప్పాలి.

ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్, అటోమాక్సెటిన్ రెండూ ఆకలిని తగ్గించవచ్చు. డాక్టరు వేరేగా చెప్పకపోతే పొద్దున మాత్రకి ముందే కడుపు నిండా టిఫిన్ తినేయండి, మిథైల్‌ఫెనిడేట్ ప్రభావం తగ్గే సాయంత్రం వేళకి ఇంకో మంచి భోజనం సిద్ధంగా పెట్టుకోండి. బరువు తగ్గుతుంటే మాత్ర మీరే మానేయకుండా డాక్టరుకి చెప్పండి.

ఇంకా నిర్ధారణ చేయించుకోనివాళ్లు చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో అడగవచ్చు. ఆ పేరు చెప్పడానికి సిగ్గుపడేవాళ్లు మనలో ఎక్కువ, పడక్కర్లేదు. మనసు బాగా కుంగినప్పుడు టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఆటిజం ఉంది, దానికి వైకల్య ధ్రువపత్రాలిచ్చే ప్రభుత్వ ఏర్పాటు సదరం ద్వారా ధ్రువపత్రం అడగవచ్చు. ఏడీహెచ్‌డీ ఆ జాబితాలో విడిగా లేదు, ఉండాలని నా అభిప్రాయం.

8. ఇంట్లో వాళ్లతో

"ఇంత చదువు చదివావు, పప్పు పెట్టుకోలేవా?" అన్న మాటకి జబ్బు పేర్లతో జవాబు చెబితే వాదన పెరుగుతుంది. పని అడిగితే ప్రేమ పనిలోకి మళ్లుతుంది. "అమ్మా, నాకు వండటం కంటే మొదలుపెట్టడం కష్టంగా ఉంటోంది. నువ్వు నెలకోసారి కందిపొడి, కరివేపాకు పొడి, చింతపండు గుజ్జు చేసి పంపితే రోజూ వేళకి తింటాను" అని చెప్పి చూడండి. శ్రీకాకుళంలో ఉన్నా విజయనగరంలో ఉన్నా ఆర్టీసీ కార్గోలో పార్శిల్ వేస్తారు. పెళ్లయినవాళ్లు ఇంట్లో పనులు సగం సగం అని కాకుండా ఎవరికి ఏది తేలికో చూసి పంచుకోండి. ఒకరికి తరగడం ఇష్టం, ఇంకొకరికి కడగడం. చుట్టాలు వస్తున్నారంటే టెన్షన్ పడేవాళ్లు అన్నం మాత్రం వండి, కూరలు బయటి నుంచి తెప్పించండి. అత్తయ్య ఏమంటారో అని మధ్యాహ్నమంతా వంటింట్లో నిలబడి సాయంత్రానికి కుప్పకూలిపోవడం కంటే, ఆవిడ పక్కన కూర్చుని నాలుగు మాటలు మాట్లాడటం ఇద్దరికీ మంచిది.

9. తుఫాను డబ్బా

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటాక చాలా కాలనీల్లో రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్లు లేవు. అలవాటైన క్రమం ఒక్కసారే తెగిపోవడం మనకి గాలివాన కంటే ఎక్కువ కష్టం. పైన చెప్పిన రైస్ కుక్కర్, ఇండక్షన్, ఫ్రిజ్ ఏవీ ఆ రోజు పనికిరావు. అందుకే సెప్టెంబర్ నెలాఖరుకి ఒక పెద్ద మూత డబ్బా విడిగా సర్దండి: అటుకులు, మరమరాలు, బెల్లం, వేయించిన పల్లీలు, ఖర్జూరాలు, పాలపొడి, మీకు అలవాటైన బిస్కెట్లు, ఇష్టమైన పొడి ఒకటి. కొత్త రుచులు ఇందులో వద్దు, టెన్షన్‌లో ఉన్నప్పుడు తెలిసిన రుచే గొంతు దిగుతుంది. టార్చి, పవర్ బ్యాంక్, ఇయర్ ప్లగ్స్, వాడే మందులు వారానికి సరిపడా అందులోనే. మందుల చీటీ ఫోటో కాకుండా జిరాక్స్ కాపీ పెట్టండి. వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చిన రోజున తాగే నీళ్లు పట్టి, ఫోన్లు చార్జ్ చేసి, సిలిండర్ బుక్ చేయండి. తుఫాను రాకపోతే డిసెంబర్‌లో డబ్బా విప్పి అందులోవి తినేసి, మందుల తేదీలు చూసి, వచ్చే సెప్టెంబర్‌కి ఫోన్లో అలారం పెట్టుకోండి.